గొలుసు చెరువుల కింద పట్టణాలు

శ్రీ సత్యసాయి జిల్లాలో వాతావరణ మార్పు అనగానే ముందు కరువే తడుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతుంది. అందులోనూ చాలా భాగం కొద్ది రోజుల్లోనే కురిసిపోతుంది. వాడిపోయిన వేరుశనగ, ఎండిన బోర్లు, బెంగళూరు బస్సెక్కిన కుటుంబాలు మనం ఎరిగినవే. 2021 నవంబరు నుంచి ఇక్కడి ఊళ్లు, పట్టణాలు ఇంకో కష్టాన్ని కూడా చూస్తున్నాయి. ఆ నెల చిత్రావతి ఉప్పొంగితే ప్రవాహం మధ్య చిక్కుకున్నవాళ్లను వాయుసేన హెలికాప్టర్ వచ్చి కాపాడింది. అదే వానల్లో కదిరిలో భవనం కూలి ప్రాణాలు పోయాయి. 2022 అక్టోబరులో అనంతపురం నడిబొడ్డున నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. 2024 అక్టోబరులో పండమేరు వంక అదే పని చేసింది. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే వీధిలోనే అక్టోబరులో మోకాటి లోతు నీళ్లు నిలుస్తున్నాయంటే లోపం ఒక్క ఆకాశానిదే కాదు.

ఇలాంటి పట్టణాలకు ప్రపంచమంతా ఇప్పుడు సూచిస్తున్న మార్గం ప్రకృతి ఆధారిత పరిష్కారాలు. 2022 మార్చిలో నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ వీటికి ఒక నిర్వచనం ఆమోదించింది. సహజమైనవైనా, మనిషి చేతిలో మారినవైనా, జీవావరణాలను కాపాడి, బాగుచేసి, నడుపుకుంటూ మనిషి అవసరాలను, జీవజాతుల మేలును కలిపి సాధించే పనులన్నీ ఇందులోకి వస్తాయి. మనిషి చేతిలో మారినవి కూడా అన్న ఆ భాగం మనకు ముఖ్యం. రాయలసీమలో చెరువు మనిషి కట్టిందే. ఆరేడు వందల ఏళ్లుగా పక్షి, చేప, తుంగ, ఊట బావి అన్నీ దాని మీద బతికి అది ప్రకృతిలో భాగమైపోయింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, కదిరి లాంటి ఊళ్లకు ఈ పరిష్కారాలు పనికొస్తాయా, ఎంతవరకు, ఎక్కడ చేతులెత్తేస్తాయి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

మొదట మన చేతిలో ఉన్నదేమిటో చూడాలి. అనంతపురం చెరువును 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు కట్టించాడని చెబుతారు. చిత్రావతి మీద ఆధారపడిన బుక్కపట్నం, ధర్మవరం చెరువులు జిల్లాలో పెద్దవి. ధర్మవరం చెరువు కట్టించిన క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేరునే ఊరికి పెట్టాడన్నది స్థానిక చరిత్ర. వీటి వెనుక ఎంత శాస్త్రం ఉందో కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గరి 1369 నాటి శాసనం చెబుతుంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది ఏకరువు పెడుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం, చవిటి నేల ఒకటి, చెరువు నడుమ మిట్ట ఒకటి. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఒక దోషమైతే, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం ఇంకొకటి. మిగిలిన దోషం రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం.

ఈ చివరి దోషం దగ్గర కాసేపు ఆగాలి. పెన్నా, చిత్రావతి, పాపాఘ్ని మూడూ కర్ణాటకలోని చిక్కబళ్లాపురం జిల్లాలో పుట్టి మనకు వస్తాయి. ఆమడగూరు మండలం ఆ సరిహద్దు పక్కనే ఉంది. అక్కడ పడిన చినుకు ఏ వంకలో కలిసినా చివరికి పెన్నాకే చేరాలి. చిత్రావతి మీద బాగేపల్లి దగ్గర పరగోడు ఆనకట్ట విషయంలో రెండు రాష్ట్రాల మధ్య నడిచిన వివాదం మన ప్రాంతంలో చాలామందికి గుర్తే. పురపాలక సంఘం హద్దు ఎక్కడ గీసినా నీటికి ఆ హద్దు పట్టదు. నగరాల గురించి వచ్చే ప్రణాళికల్లో ఎక్కువ భాగం వార్డు పటంతో మొదలై వార్డు పటంతోనే ముగుస్తాయి. మన దగ్గర పని మొదలుకావలసింది పట్టణానికి పాతిక, ముప్పై కిలోమీటర్ల ఎగువన.

గొలుసు చెరువు పని చేసే తీరు తెలిస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. కొండ కింద కుంట నిండితే మరువ పారుతుంది. ఆ మరువ నీళ్లు వంకగా మారి కింది చెరువులో చేరతాయి, అది నిండితే దాని మరువ ఇంకో చెరువుకు. ఒక్కో చెరువు దగ్గర నీటి వేగం తగ్గుతుంది, మట్టి అడుగుకు దిగుతుంది, కొంత నేలలోకి ఇంకుతుంది. చదరపు కిలోమీటరు నేల మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే ఐదు కోట్ల లీటర్ల నీళ్లు. చెట్టూ పుట్టా ఉన్న నేల అందులో చాలా భాగం పట్టుకుని మెల్లగా వదులుతుంది. సిమెంటు రోడ్లు, స్లాబులు నిండిన చదరపు కిలోమీటరు దాదాపు అంతటినీ గంటలోనే కిందికి తోస్తుంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద మన సగటు వాన ఏడాదికి యాభై వేల లీటర్ల నీళ్లు పోస్తుంది. అంటే పది ట్యాంకర్ల దాకా. పట్టణం వేసవిలో కొనుక్కునే నీళ్లను అక్టోబరులో తన మిద్దెల మీది నుంచే మురుగుకాలువలో పోస్తోంది.

వీటితో పాటు పెద్దగా ఎవరూ ప్రస్తావించని ఇంకో ఏర్పాటు ఉంది. పెన్నా, జయమంగళి, చిత్రావతి ఇసుకలో ఊటను తవ్వి కాలువగా పొలానికి మళ్లించే తలపరిగలు హిందూపురం, మడకశిర ప్రాంతాల్లో ఒకప్పుడు ఎన్నో ఎకరాలు పండించాయి. ఎండాకాలం పైకి ఎండిపోయి కనిపించే ఏటి కింద, ఇసుక మందంలో, ఆవిరి కాని నీళ్లు నిలవ ఉండేవి. ఆ ఇసుకను లారీలకెత్తాక తలపరిగ ఎండింది, పక్క బావి ఎండింది, దాని తర్వాత బోరు. మన నేల అడుగున ఉన్నది గ్రానైటు రాయి. పైన పగిలి శిథిలమైన పలుచని పొరలోనే నీళ్లు నిలుస్తాయి. అందుకే ఎక్కడ పడితే అక్కడ ఇంకుడు గుంత తవ్వితే ఫలితం రాదు. నీళ్లు ఇంకే చోటు చెరువు అడుగు, వంక గర్భం, ఏటి ఇసుక. వాటిని చెడగొట్టి ఇంటింటా గుంత తవ్వమనడం సరైన క్రమం కాదని నా అభిప్రాయం.

వరద దెబ్బ ఎవరి మీద పడుతుందో ధర్మవరంలో చూడాలి. పట్టుచీర నేసే గుంత మగ్గం ముందు నేలలో రెండు రెండున్నర అడుగుల లోతు గుంత ఉంటుంది. నేతగాడు అందులో కాళ్లు పెట్టుకుని తొక్కుడు కర్రలు తొక్కుతాడు. నాలుగు రోజులు ముసురు పడితే ఆ గుంత గోడల నుంచి చెమ్మ ఊరుతుంది. వీధిలో నీళ్లు నిలిస్తే గుంత నిండుతుంది. నీళ్లు తోడేసినా చెమ్మ ఆరేదాకా మగ్గం ఆడదు, పడుగు పోగులు సరిగా లేవవు, జరీ చెడిపోతుందని భయం. మరమగ్గాలతో పోటీ పడలేక అప్పుల్లో ఉన్న ఇంటికి ఆ వారం పది రోజుల కూలి పోవడమంటే మామూలు నష్టం కాదు. ఊరి ఎగువన వంక దారిలో ఇళ్ల స్థలాలు అమ్మినవాడు వేరు, తన గుంత నిండినవాడు వేరు.

చెరువులు ఎందుకు పాడయ్యాయన్న ప్రశ్నకు ఆక్రమణలు అన్న ఒక్క మాటతో జవాబు చెప్పేస్తుంటారు. అది సగమే నిజం. పాత రోజుల్లో ప్రతి చెరువుకూ ఒక నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంత నీరు, మరువ దగ్గర కంప అడ్డం పడిందా, కట్టకు ఎలుక బొక్కలు పడ్డాయా అన్నవి చూడటం అతని పని. దానికి పంటలో వాటా వచ్చేది. రాయలసీమలో చెరువు మరమ్మతుకు దశబంధం ఇనాములు ఉండేవి. అంటే చెరువును చూసుకునేవాడికి బతుకుతెరువు ఉండేది, నీళ్లు పారే రైతుకు దాని మీద హక్కు ఉండేది. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టం సాగునీటి సంఘాలను పెట్టినప్పుడు కూడా లెక్కలోకి తీసుకున్నది ఆయకట్టు రైతునే. పట్టణం పెరిగి ఆయకట్టు ప్లాట్లుగా మారితే ఆ చెరువుకు రైతు లేడు, సంఘం లేదు, నీరుగంటి లేడు. కొన్నవాడికి అది మురుగునీరు నిలిచే గుంట, అమ్మేవాడికి ఖాళీ స్థలం. ఆక్రమణ వచ్చేది ఆ తర్వాతే. పట్టణ చెరువులు చావడానికి నేను చూసినంతలో అసలు కారణం ఇదే.

హైదరాబాదు చరిత్ర దీన్ని పెద్ద ఎత్తున చూపిస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో సుమారు 15 వేల మంది చనిపోయాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి నగరాన్ని కాపాడాలంటే ఎగువన నీటిని ఆపాలని చెప్పాడు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ రెండు జలాశయాల పరీవాహకాన్ని కాపాడటానికి 1996లో 111 జీవో వచ్చింది. 2022లో దాని ఆంక్షలను సడలించారు. ఇక నగరంలోని వందలాది చెరువుల మధ్య ఉండే నాలాలు ఇళ్ల కిందికి పోయాయి. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి దిగువ బస్తీలు కొట్టుకుపోయాక అందరూ పాత పటాలు వెతికారు. విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోవడం కూడా ఇదే కోవలోది. బుడమేరు కొల్లేరుకు పోయే దారి ఎప్పుడో ఇరుకైపోయింది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో నీరు-మీరు, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు వచ్చాయి. తెలంగాణలో మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లక్ష్యంగా పెట్టుకుని 2015లో మొదలైంది. 2022 ఏప్రిల్‌లో కేంద్రం జిల్లాకు 75 చొప్పున అమృత్ సరోవరాలు ప్రకటించింది. పూడిక తీయడం మంచి పనే. ఆ మట్టి పొలాలకు చేరితే ఇంకా మంచిది. వీటన్నిటిలో నాకు కనిపించే కొరత ఒకటే. ఇవి చెరువును ఒంటరిగా చూశాయి. పైనుంచి వచ్చే వంకను, కిందికి పోయే మరువ కాలువను పెద్దగా పట్టించుకోలేదు. పట్టణాల్లో మరీ ఘోరం. చెరువు చుట్టూ గుండ్రంగా కట్ట పోసి, నడక దారి వేసి, రంగుల దీపాలు పెట్టి సుందరీకరణ అంటున్నారు. ఆ కట్ట నీళ్లు లోపలికి వచ్చే దారినే మూసేస్తుంది. చెరువు శిఖంలో పల్చటి నీళ్లలో మేసే కొంగలకు, తుంగకు చోటుండదు. అలాంటి దాన్ని ప్రకృతి ఆధారిత పరిష్కారమని లెక్కల్లో రాయకూడదు.

కాలువ నీళ్లతో చెరువులు నింపడం గురించీ ఒక మాట. హంద్రీ-నీవా వల్ల శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు ఈ జిల్లాకు వచ్చాయి, పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయం నిండింది, హిందూపురానికి అక్కడి నుంచి పైపులైను వేశారు. ట్యాంకర్ల కోసం రాత్రంతా మేలుకున్న ఊరికి అది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. కానీ సెప్టెంబరుకే కాలువ నీళ్లతో అంచుదాకా నింపిన చెరువుకు అక్టోబరు తుపాను వాన పట్టడానికి చోటుండదు. వచ్చింది వచ్చినట్టు మరువ మీదుగా పట్టణం మీదికి పోతుంది. నింపే తేదీ, ఎంత మట్టం దాకా నింపాలి, ఎంత ఖాళీ ఉంచాలి అన్నది ప్రతి పట్టణ చెరువుకూ ముందే రాసిపెట్టుకోవాలి. పైసా ఖర్చు లేని పని ఇది.

బయటి ప్రపంచ అనుభవం ధైర్యమూ ఇస్తుంది, హెచ్చరికా చేస్తుంది. 2011 జులై 2న కుండపోత వానకు కోపెన్‌హేగన్ మునిగింది. మరుసటి ఏడాదే ఆ నగరం పార్కులను, వీధులను వాననీళ్లు నిలిచే చోట్లుగా మలిచే ప్రణాళిక వేసుకుంది. సింగపూరు బిషాన్ పార్కులో సిమెంటు కాలువను పగలగొట్టి 2012 నాటికి మళ్లీ వాగుగా మార్చారు. వాన పెరిగితే పార్కులో కొంత మునుగుతుంది, తగ్గితే పిల్లలు ఆడుకుంటారు. చైనా 2015లో 16 నగరాలతో, వాననీటిని పీల్చుకునే స్పాంజ్ నగరాల పథకం మొదలుపెట్టింది. ఆ పేరుతో బోలెడు ఖర్చు పెట్టిన జెంగ్‌జౌలో 2021 జులై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన కురిసింది. మన జిల్లా ఏడాది వానలో మూడో వంతుకు పైగా గంటలో పడితే ఏ చెరువూ, ఏ పార్కూ ఆపలేదు. వందలాది ప్రాణాలు పోయాయి. భూతాపం పెరిగేకొద్దీ ఈ పరిష్కారాల శక్తి తగ్గుతుందని వాతావరణ మార్పు మీద అంతర ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) 2022 నివేదికలోనే చెప్పింది. మామూలు భారీ వానను చెరువుల గొలుసు తట్టుకోగలదు. అసాధారణమైన వానకు ముందస్తు హెచ్చరిక, ఖాళీ చేయించే ఏర్పాటు, గట్టి మరువ తప్పవు. చెట్లు నాటాం కదా అని కరకట్ట మరమ్మతు మానేస్తే అది ప్రాణాలతో చెలగాటం.

ఎండ సంగతికొస్తే, 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మంది దాకా చనిపోయారు. చెట్టు నీడ కింద నేల అంతగా వేడెక్కదు, ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు గాలిని చల్లబరుస్తుంది. అయితే ఆ ఆవిరికి వేరు కింద నీరు ఉండాలి. నీరు లేని పట్టణంలో లక్ష మొక్కలు నాటితే వేసవికి ఎన్ని మిగులుతాయో మున్సిపాలిటీల్లో పనిచేసేవాళ్లకు తెలుసు. తొందరగా పచ్చగా కనిపిస్తుందని డివైడర్ల మీద కోనోకార్పస్ నాటిన అనుభవం మన కళ్ల ముందే ఉంది. తెలంగాణ 2022లో దాన్ని నాటడం ఆపేసింది. వేప, కానుగ, చింత, నేరేడు, రావి మన నేలకు అలవాటైన చెట్లు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాల మేర నీడ పరిచి 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఇంత తక్కువ వాన పడే నేల కూడా అంత నీడను పోషించగలిగింది. రోడ్డు వెడల్పు కోసం పాత చింతచెట్లను కొట్టేసి గుంతలో మొక్క నాటడం నష్టపరిహారం కాదు. ఉన్న పెద్ద చెట్టును నిలబెట్టడమే చవకైన మార్గం. మొక్కలు నాటేటప్పుడూ మొదటి వంతు కూలీల అడ్డాకు, బస్టాండుకు, సంత స్థలానికి రావాలి. ఎండలో నిలబడి బతికేవాళ్లు ఉండేది అక్కడే.

మురుగు విషయం క్లుప్తంగా చెప్తాను. తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు నగరం మురుగును తీసుకుని చేపలు పెంచి శుద్ధి చేసి వదులుతాయి. 2002లో వాటికి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. హైదరాబాదు నెక్నాంపూర్ చెరువులో తేలే మొక్కల తెప్పలు పెట్టి చూశారు. ఇవన్నీ శుద్ధి కేంద్రం తర్వాత మిగిలిన మలినాన్ని లాగేయడానికి బాగా పనికొస్తాయి. పట్టణం మురుగంతా నేరుగా చెరువులోకి తిప్పి తుంగ మొక్కలే చూసుకుంటాయంటే చెరువు చస్తుంది, దోమలు పెరుగుతాయి.

ఇప్పుడు మళ్లీ ఎగువకు పోదాం. చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 1990ల మొదట్లో ఊళ్లవాళ్లతో కలిసి బోడికొండలను మంటల నుంచి, గొడ్డలి నుంచి కాపాడటం మొదలుపెట్టింది. కల్పవల్లిగా పేరుపడ్డ ఆ వేల ఎకరాల్లో గడ్డి తిరిగి వచ్చింది, ఈత చెట్లు వచ్చాయి, కొండ కింద కుంటల్లోకి నీళ్లు మెల్లగా దిగడం మొదలైంది. పెద్దగా నాటింది లేదు. వేళ్లు, గింజలు నేలలోనే ఉన్నాయి, అవి పెరిగేలా కాపలా కాశారు. తర్వాత అక్కడికి గాలిమరలు వచ్చినప్పుడు వాటి కోసం వేసిన రోడ్లు వాలుల్ని కోసేసి మట్టిని కుంటల్లోకి తెచ్చాయి. పవన విద్యుత్తు కూడా వాతావరణం కోసమే, కొండ గడ్డీ వాతావరణం కోసమే. రెంటికీ పొంతన కుదర్చాల్సిన బాధ్యత అనుమతి ఇచ్చేవాళ్లది.

ఆమడగూరు, ఓబుళదేవరచెరువు, రొద్దం లాంటి మండలాల్లో గొర్రెల కాపరులు, చిన్న రైతులు కొండను కాపాడితే దాని లాభం దిగువ పట్టణాలకు వెళ్తుంది. మరి కాపలా కూలి ఎవరివ్వాలి? న్యూయార్కు నగరం 1997లో ఒప్పందం చేసుకుని, తన తాగునీరు పుట్టే క్యాట్‌స్కిల్ కొండల్లోని ఊళ్లకు ఏటా డబ్బు ఇచ్చి పరీవాహకాన్ని కాపాడుకుంటోంది. దానివల్ల వేల కోట్ల శుద్ధి కేంద్రం కట్టే అవసరం తప్పింది. 2011 లెక్కల్లోనే హిందూపురం జనాభా లక్షన్నర, ధర్మవరం లక్షా ఇరవై వేలు. నీటి పన్నులో కొద్ది భాగం ఎగువ మండలాలకు పంపడం ఈ పట్టణాలకు మోయలేని భారం కాదు. దానికి పురపాలక శాఖ, పంచాయతీ రాజ్ శాఖ ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. ఉపాధి హామీ పనులు ఇప్పటికే ఎగువన జరుగుతున్నాయి, పట్టణం అవసరాన్ని బట్టి వాటి చోటు ఎంచుకునే ఏర్పాటు లేదు.

ఒక విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. చెరువు పోరంబోకులో, వంక ఒడ్డున ఇళ్లు వేసుకున్నవాళ్లలో ఎక్కువమంది నిరుపేదలు. కొందరి చేతిలో ప్రభుత్వమిచ్చిన పట్టాలే ఉన్నాయి. చెరువులను, కుంటలను ఊరి ఉమ్మడి ఆస్తిగా కాపాడాలని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో స్పష్టంగా చెప్పింది. నీరు, నేల, చెట్లను కాపాడే మన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. చట్టం అమలు కావాలి. పేదవాడి రేకుల ఇల్లు బుల్‌డోజరు కిందికి ముందు పోయి, పెద్ద లేఅవుటు కోర్టు స్టేతో నిలబడితే ప్రకృతి పేరు మీద జనానికి నమ్మకం పోతుంది. ముందు ఇల్లు చూపించాలి, తర్వాతే ఖాళీ చేయించాలి. లేఅవుట్ల సంగతి మొదట తేల్చాలి.

హిందూపురం, ధర్మవరం, కదిరి, పెనుకొండ, పుట్టపర్తి పాలకవర్గాలను అడిగేది నాలుగు పనులు. రెవెన్యూ రికార్డుల్లోని వంకలు, మరువ కాలువలు, చెరువు హద్దులు తీసి ఒక పటం గీయండి, ఆఫీసు గోడకు పెట్టండి, ఆ దారిలో ఏ ప్లాను మంజూరుకూ సంతకం పెట్టకండి. ప్రతి పట్టణ చెరువుకూ జీతమిచ్చి నీరుగంటిని పెట్టండి, బడ్జెట్లో ఆ పద్దు విడిగా చూపండి. అక్టోబరుకు ముందే చెరువుల్లో ఖాళీ ఉంచండి. ఎగువ మండలాలతో ఒప్పందం రాసుకోండి. ఈ వ్యాసం చదివేవాళ్లు చేయాల్సింది కూడా ఒకటుంది. ప్లాటు కొనేముందు అది ఏ వంక దారిలో ఉందో పాత గ్రామ పటంలో చూసుకోండి. ఉంటే ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.